కరగని కొవ్వు కథ: మార్సెయ్ నుంచి పుణె దాకా

ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రేక్షకురాలు రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. రెండో కాన్పయిన మూడేళ్ళకి ఆవిడ బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నారు. పది నెలల్లో 9 కిలోలు తగ్గారు. మొహం పీక్కుపోయింది, మెడ కింద ఎముకలు బయటపడ్డాయి, గాజులు వదులై జారిపోతున్నాయి. తొడలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయట. జిమ్‌లో నేర్పించే అబ్బాయి, "ఇంట్లో ఎవరూ చూడకుండా తింటున్నట్టున్నారు మేడం" అన్నాడట. ఉత్తరం చివర ఆవిడ ఇలా రాశారు: "నేనే అబద్ధం చెబుతున్నానేమో అని నాకే అనుమానం వస్తోందండీ. ఇలా నిజంగా జరుగుతుందా?"

జరుగుతుందండీ. ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి డాక్టర్లకి సుమారు నలభై ఏళ్ళు పట్టింది. ఈరోజు ఆ నలభై ఏళ్ళ కథే చెప్పుకుందాం.

ముందు ఒక మాట. మన తెలుగులో "వాడికి కొవ్వెక్కింది" అంటే అర్థం ఏమిటి? పొగరెక్కింది అని. "ఒళ్ళు బలిసి మాట్లాడుతున్నాడు" అన్నా అంతే. కొవ్వు శరీరంలో ఉండే పదార్థం అయినా, మనం దాన్ని ఎప్పుడో గుణం కింద జమ చేసేశాం. అందుకే కొవ్వు కరగలేదంటే కష్టపడలేదనో, అబద్ధం చెబుతున్నారనో అనేస్తాం. ఇది మన ఒక్కరి అలవాటే కాదు. యూరప్‌లో చర్చి అతితిండిని మహాపాపాల జాబితాలో పెట్టింది. వైద్యులు కూడా చాలాకాలం ఆ చూపుతోనే చూశారు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో లావు గురించి లెక్కలు ఎక్కువగా కట్టినవాళ్ళు ఎవరో తెలుసా? జీవిత బీమా కంపెనీలవాళ్ళు. ఎవరు ముందు పోతారు, ఎవరు ఆలస్యంగా పోతారు అన్నది వాళ్ళకి డబ్బు వ్యవహారం కదా. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ 1940లలో ఎత్తుకి తగ్గ బరువు ఎంతుండాలో పట్టికలు వేసింది. డాక్టర్ల గోడల మీదకి కూడా అవే ఎక్కాయి. ఆ పట్టికలో మనిషంటే ఒకే ఒక అంకె. ఆ కిలోలు పొట్టలో ఉన్నాయా, పిరుదుల్లో ఉన్నాయా, కండలో ఉన్నాయా అన్నది అందులో ఉండదు. కాటా మీద కిలో అంటే కిలోనే.

ఆ లెక్కని మొదట గట్టిగా ప్రశ్నించిన మనిషి పేరు జ్యాఁ వాగ్. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మార్సెయ్ అనే ఓడరేవు ఉంది, అక్కడ డాక్టరు. 1947లో, అంటే యుద్ధం ముగిసిన రెండేళ్ళకి, ఒక ఫ్రెంచి వైద్య పత్రికలో వ్యాసం రాశారు. ఆయన చేసిన పని చూడ్డానికి చాలా మామూలుది. రోగుల చేతి మీద, తొడ మీద కొవ్వు ఎంత, కండ ఎంత అని కొలిచి, రెండింటినీ పోల్చారు. ఒకే బరువున్న మనుషులు రెండు రకాలుగా కనిపించారు. కొందరికి కొవ్వంతా పైభాగంలో, మెడ, భుజాలు, పొట్టలో. కొందరికి కింది భాగంలో, పిరుదులు, తొడల్లో. మొదటిదానికి పురుష తరహా అనీ, రెండోదానికి స్త్రీ తరహా అనీ పేర్లు పెట్టారు. అంటే మొదటిది మగవాళ్ళకే, రెండోది ఆడవాళ్ళకే వస్తుందని కాదు. ఆడవాళ్ళలో పొట్ట తరహా వాళ్ళున్నారు, మగవాళ్ళలో తొడ తరహా వాళ్ళున్నారు. అసలు మాట ఏమిటంటే, మధుమేహం, రక్తనాళాలు గట్టిపడటం, గౌట్ లాంటి జబ్బులు పైభాగం లావున్నవాళ్ళ వెంటపడుతున్నాయి, కింది భాగం లావున్నవాళ్ళని పెద్దగా పట్టించుకోవడం లేదు అని.

ఇంత పెద్ద మాట చెబితే ప్రపంచం ఉలిక్కిపడాలి కదండీ. పడలేదు. 1956లో అదే విషయాన్ని ఇంగ్లీషులో, అమెరికా పత్రికలో మళ్ళీ రాశారు. అయినా ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. కాటా, పట్టిక చేతిలో ఉండగా తొడలు ఎవరు కొలుస్తారు?

వాగ్ ఒక ప్రశ్న మిగిల్చారు. కొవ్వు ఎక్కడుందో ఆయన చూపించారు, సరే. ఒకచోట కొవ్వు వదిలిపోతుంది, ఇంకోచోట వదలదు, అది ఎందుకు? దీనికి జవాబు కొవ్వు మీద ఆసక్తే లేని మనిషి దగ్గర దొరికింది.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో రేమండ్ ఆల్క్విస్ట్ అనే ఆయన అడ్రినలిన్ మీద పని చేస్తుండేవారు. అడ్రినలిన్ మీకు తెలిసిందే, భయం వేసినా, పరుగెత్తినా ఒంట్లో విడుదలయ్యే రసాయనం. అదే రసాయనం ఒక రక్తనాళాన్ని బిగిస్తుంది, ఇంకోదాన్ని వదులు చేస్తుంది. ఒకే మనిషి ఒక ఇంట్లో గొడవ పెట్టి, పక్కింట్లో సర్ది చెప్పినట్టు. ఇదెలా? ఆల్క్విస్ట్ 1948లో చెప్పిందేమిటంటే, తేడా అడ్రినలిన్‌లో లేదు, దాన్ని అందుకునే తలుపుల్లో ఉంది. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు. ఒక పేరున్న పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపేసింది. వేరే పత్రికలో వచ్చింది. తర్వాత ఆ ఆలోచన మీదే గుండెజబ్బుకి వాడే బీటా బ్లాకర్ మందులు పుట్టాయి. వాటిని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ కూడా వచ్చింది.

ఇక కొవ్వు కణాన్ని విడదీసి చూడాలి. 1964లో మార్టిన్ రోడ్‌బెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అది చేశారు. కొవ్వు ముక్కని ఒక ఎంజైమ్‌లో నానబెడితే కణాలు ఒకదాన్నొకటి వదిలేసి, విడివిడిగా నీళ్ళ మీదకి తేలాయి. మిగతా కణాలు అడుక్కి పోతాయి, ఇవి పైకి వస్తాయి, పులుసు మీద నూనె తేలినట్టు. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం, ఎందుకంటే వంటింట్లో ఉన్న తెలివే అది. ఆ తర్వాత మనిషి నుంచి చిన్న ముక్క తీసి, పొట్ట కొవ్వునీ తొడ కొవ్వునీ వేరువేరు గిన్నెల్లో పెట్టి, రెండింటి మీదా ఒకే మందు వేసి చూడటం సాధ్యమైంది.

1970ల చివరి నుంచి స్వీడన్‌లో స్టాక్‌హోమ్ బృందం, ఫ్రాన్స్‌లో తులూజ్ నగరంలో మాక్స్ లఫోంతాఁ బృందం ఈ పని పట్టారు. వాళ్ళు కనిపెట్టింది నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఉత్తరం రాసిన ఆవిడ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

మనం తక్కువ తిన్నా, నడిచినా, పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్, దాని తోబుట్టువు నారడ్రినలిన్ పెరుగుతాయి. అవి కొవ్వు కణం దగ్గరికొచ్చి "దాచిందేదో బయటికి తియ్యి" అని అడుగుతాయి. కణం మీద బీటా తలుపులుంటే అది తెరుచుకుని, లోపలి కొవ్వుని విడగొట్టి రక్తంలోకి పంపుతుంది. కానీ మనిషి కొవ్వు కణం మీద ఆల్ఫా-2 అని ఇంకో రకం కూడా ఉన్నాయి. అవి దీనికి పూర్తిగా ఎదురు. అదే నారడ్రినలిన్ వాటికి తగిలితే కణం గడియ వేసుకుంటుంది. ప్రతి కణం మీదా రెండు రకాలూ ఉంటాయి, ఏవి ఎక్కువన్నదే తేడా. ఆడవాళ్ళ తొడలు, పిరుదుల కొవ్వులో గడియ వేసే రకం చాలా ఎక్కువ. పొట్ట లోపల, పేగుల చుట్టూ ఉండే కొవ్వులో తెరిచే రకానిదే పైచెయ్యి. మగవాళ్ళకి పొట్ట మీద, నడుం పక్కన చేతికి దొరికే మడత కొవ్వులో కూడా గడియల వాటా తక్కువేం కాదు. "అంతా తగ్గింది కానీ ఈ పక్క మడత పోవట్లేదు గురూ" అని మగవాళ్ళు అనేది అందుకే. పైగా తొడ కొవ్వుకి రక్తం కూడా కాస్త తక్కువగానే పారుతుంది, కాబట్టి విడుదలైన కొద్దిపాటి కొవ్వు కూడా తొందరగా బయటికి చేరదు.

కాబట్టి ఆ ఉత్తరంలో అబద్ధం ఏమీ లేదు. ఆవిడ శరీరం నుంచి 9 కిలోలు నిజంగానే పోయాయి. గడియలు తక్కువ ఉన్న గదులు ముందు ఖాళీ అయ్యాయి.

మరి గడియలు అక్కడే ఎందుకు ఉన్నాయి? ఇక్కడ మనం స్వీడన్‌లోనే ఇంకో ఊరికి, గోటెన్‌బర్గ్‌కి వెళ్ళాలి. అక్కడ పెర్ బ్యోర్న్‌టార్ప్ అనే ప్రొఫెసరు దగ్గర మరియెల్ రెబుఫె-స్క్రివ్ అనే పరిశోధకురాలు పనిచేసేవారు. ఆమె అడిగిన ప్రశ్న అంతకుముందు మగ శాస్త్రవేత్తలు పెద్దగా అడగనిది: ఆడదాని తొడ కొవ్వు జీవితాంతం ఒకేలా ఉంటుందా? మామూలు రోజుల్లో ఉన్న ఆడవాళ్ళ నుంచి, గర్భిణుల నుంచి, బాలింతల నుంచి పొట్ట దగ్గరా తొడ దగ్గరా చిన్న ముక్కలు తీసి పోల్చారు. 1985లో ఫలితాలు వచ్చాయి.

రక్తంలో పోతున్న కొవ్వుని కణంలోకి లాక్కునే ఎంజైమ్ ఒకటుంది, లైపోప్రొటీన్ లైపేజ్ అంటారు. మామూలు రోజుల్లోనూ, గర్భం తొలినాళ్ళలోనూ అది పొట్టలో కన్నా తొడలో చురుగ్గా ఉంది. అంటే తొడ దాచుకుంటూనే ఉంది. అడిగితే ఇచ్చేది మాత్రం తక్కువ. పిల్లకి పాలిస్తున్న తల్లుల దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడింది. తొడలో ఆ ఎంజైమ్ ఒక్కసారిగా పడిపోయింది, కొవ్వు విడుదల పెరిగింది. అన్నాళ్ళూ ఎవరడిగినా తియ్యని తలుపు పాలు తాగే పిల్ల కోసం తెరుచుకుంది.

దీన్ని చదివినప్పుడు నాకు మన రైతుల ఇళ్ళు గుర్తొచ్చాయి. ఇంట్లో తిండికి పెట్టుకున్న వడ్లు వేరు, విత్తనాలకి ఉంచిన వడ్లు వేరు. ఎంత ఇబ్బందొచ్చినా ముందు తిండి వడ్లు తీస్తారు, అవి అయిపోతే అప్పు చేస్తారు. విత్తనపు వడ్ల జోలికి అంత తేలిగ్గా పోరు. అవి తింటే వచ్చే ఏడు పొలం లేదు. ఆడవాళ్ళ తొడల్లో ఉన్నది విత్తనపు వడ్ల లాంటిది అనుకోండి. మనం డైటింగ్ అంటున్నాం, శరీరం మాత్రం కరువొచ్చింది అనుకుంటోంది. కరువులో విత్తనాలు తియ్యదు. ఈస్ట్రోజెన్ ఆ గడియలని ఇంకా బిగిస్తుందని తర్వాత పరిశోధనల్లో తేలింది. నెలసరి ఆగిపోయిన తర్వాత చాలామంది ఆడవాళ్ళకి కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్ళడం కూడా దీన్ని బలపరుస్తోంది. పిల్లల అవసరం తీరాక కాపలా సడలిందన్నమాట.

అదే గోటెన్‌బర్గ్‌లో, అంతకు ఒక్క ఏడాది ముందు, వాగ్ మాట కూడా నిజమని తేలింది. 1913లో పుట్టిన 792 మంది మగవాళ్ళని వాళ్ళ యాభై నాలుగో ఏట కొలిచి, 13 ఏళ్ళ పాటు గమనించారు. ఇంకోపక్క 1462 మంది ఆడవాళ్ళని 12 ఏళ్ళు గమనించారు. నడుం కొలతని పిరుదుల కొలతతో భాగిస్తే వచ్చే అంకె ఉంది చూడండి, గుండెపోటు ఎవరికి వస్తుందో బరువు కన్నా అదే బాగా చెప్పింది. 1984లో ఈ రెండు వ్యాసాలూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. వాగ్ రాసింది 1947లో. ముప్పై ఏడేళ్ళు!

దాదాపు అదే రోజుల్లో జపాన్‌లో ఒసాకా డాక్టర్లు సీటీ స్కాన్‌తో పొట్ట లోపలికే చూడటం మొదలుపెట్టారు. చర్మం కింద కొవ్వు వేరు, పేగుల చుట్టూ కొవ్వు వేరు అని తెరమీద కనిపించింది. సుమో మల్లయోధులని కూడా స్కాన్ చేశారు. అంత భారీ మనుషులు, రోజుకి అంత తిండి, తీరా చూస్తే కొవ్వు ఎక్కువగా చర్మం కిందే ఉంది, లోపల తక్కువ. రక్తంలో చక్కెర కూడా చాలామందికి మామూలుగానే ఉంది.

అయితే ఇక్కడ ఒక తిరకాసుంది చూడండి. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు విడుదల చేసేది నేరుగా కాలేయానికి పోతుంది, అందుకే అది చెడ్డది. కానీ తెరిచే తలుపులు దానికే ఎక్కువ, కాబట్టి తిండి తగ్గించి నడక పెంచితే ముందు తగ్గేదీ అదే. తొడ కొవ్వు తగ్గదు, కానీ దానివల్ల జబ్బు తక్కువ, పైగా రక్తంలో తిరగాల్సిన కొవ్వుని పట్టి ఉంచి మేలే చేస్తుంది. అంటే అద్దంలో చూసుకుని మనం ఏడ్చేది మనల్ని కాపాడుతున్నదాన్ని చూసి. మనల్ని చంపేది చాలావరకు చొక్కా వెనకాల దాక్కుంటుంది.

ఈ సంగతి తెలియక జనం పడ్డ పాట్లు చెప్పాలంటే ఇంకో ఎపిసోడ్ కావాలి. నడుంకి బెల్టు తగిలించి గడగడలాడించే యంత్రాలు పాత ఇంగ్లీషు సినిమాల్లో చూసే ఉంటారు. ఎక్కడ కొవ్వుందో అక్కడే వ్యాయామం చేస్తే అక్కడే కరుగుతుందన్న నమ్మకం ఇప్పటికీ ఉంది. 1971లో ఒక అమెరికన్ బృందం దీన్ని చక్కగా పరీక్షించింది. టెన్నిస్ ఆటగాళ్ళకి ఒక చెయ్యే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది కదా, రెండు చేతుల మీదా కొవ్వు మందం కొలిచారు. ఆడే చేతిలో కండ పెరిగింది, చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండిట్లోనూ ఒకటే. 1984లో ఇంకొకరు ఇంకా ముందుకెళ్ళి, 13 మంది కుర్రాళ్ళ చేత 27 రోజుల్లో 5004 సిట్అప్స్ తీయించారు. అంటే రోజుకి సుమారు 185. పొట్ట, వీపు, పిరుదు, మూడు చోట్లా కొవ్వు కణాలు తీసి ముందూ వెనకా కొలిచారు. పొట్టకి ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు, మూడు చోట్లా ఒకేలా తగ్గాయి. ఆ కుర్రాళ్ళ నడుం సంగతి ఏమైందో పాపం.

మరి కోసి తీసేస్తే? 2004లో ఒక అమెరికన్ అధ్యయనంలో 15 మంది ఆడవాళ్ళకి పొట్ట నుంచి లైపోసక్షన్‌తో సుమారు 10 కిలోల చొప్పున కొవ్వు తీశారు. కొన్ని వారాల తర్వాత చూస్తే రక్తపోటు, ఇన్సులిన్ పనితీరు, కొలెస్ట్రాల్ ఏమీ మెరుగుపడలేదు. తీసింది చర్మం కిందిది, చెడ్డది లోపలే ఉండిపోయింది. 2011లో కొలరాడోలో ఇంకో పరీక్ష చేశారు. తొడల్లో, కింది పొట్టలో కొవ్వు తీయించుకున్న ఆడవాళ్ళని ఏడాది తర్వాత కొలిస్తే, పోయిన కొవ్వంతా తిరిగొచ్చింది. తొడలు మాత్రం సన్నగానే ఉన్నాయి. మరి ఎక్కడికొచ్చింది? పొట్టకి. విత్తనాల గాదె పగలగొడితే వడ్లు నట్టింట్లో పోసుకున్నట్టయింది.

కణాల సంఖ్య గురించి కూడా ఒక్కమాట చెప్పి మన దేశానికి వస్తాను. 1950లు, 60లలో దేశాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చినప్పుడు గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది. అది తిండి ద్వారా అందరి ఒంట్లోకీ చేరింది. స్టాక్‌హోమ్‌లో కర్స్టీ స్పాల్డింగ్ బృందం దాన్నే గడియారంగా వాడి కొవ్వు కణాల వయసు లెక్కగట్టింది. 2008లో వచ్చిన ఆ లెక్క ప్రకారం పెద్దయ్యాక ఏటా పదో వంతు కణాలు చనిపోతాయి, అన్నే కొత్తవి పుడతాయి. పొట్టకి ఆపరేషన్ చేయించుకుని బాగా సన్నబడ్డవాళ్ళలో కూడా కణాల సంఖ్య తగ్గలేదు, ఖాళీ సంచుల్లా చిన్నవయ్యాయి అంతే. సంచి ఉన్నంతకాలం నింపుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది.

ఇప్పుడు మన సంగతి. పుణెలో కె.ఇ.ఎం. ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ (చక్కెర మీద పుస్తకం రాసిన యడ్కిన్ కాదు, వేరే ఆయన) 2004లో లాన్సెట్‌లో తమ ఫొటోలే పక్కపక్కన వేసుకున్నారు. ఎత్తుకి తగ్గ బరువు సూచీ, మనం బీఎంఐ అంటాం కదా, ఇద్దరికీ 22.3. పట్టిక ప్రకారం ఇద్దరూ భేషుగ్గా ఉన్నారు. స్కాన్ తీస్తే యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం! బీమా కంపెనీ పట్టిక ఏం చూడలేదో ఆ ఒక్క పేజీ చూపించేసింది.

అంతకుముందు ఏడాదే యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల కొలతలు బయటపెట్టింది. సగటున 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లలు పొట్టలో, కండలో బాగా వెనకబడి ఉన్నారు. కానీ వీపు మీద చర్మపు మడత మాత్రం దాదాపు వాళ్ళకి దగ్గరగా ఉంది. తల్లికి తిండి చాలనప్పుడు కడుపులో బిడ్డ కండని వదులుకుంది, కొవ్వుని వదులుకోలేదు. పుట్టకముందే ఆ బేరం అయిపోయింది. పెద్దయ్యాక ఆ పిల్ల కాస్త తిండి దొరికే చోట ఉంటే ఆ కొవ్వు చేరేది ఎక్కువగా పొట్టలోకే. మనవాళ్ళు సన్నగా కనిపిస్తూనే నలభైలోపే షుగరు తెచ్చుకోవడం వెనక ఇదొక కారణమని యాజ్ఞిక్ వాదన. దక్షిణాసియా వాళ్ళకి నడుం హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 అని 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య విడిగా పెట్టింది. యూరప్ మగవాళ్ళకి అది 94.

ఉత్తరం రాసిన ఆవిడకి నేను జవాబు రాశాను. తొడల సంగతి పక్కనపెట్టి, బరువు తగ్గకముందు నడుం ఎంత, ఇప్పుడెంత అని అడిగాను. ముందు కొలవలేదట. పాత జాకెట్లు, లంగా నాడా పడే చోటు చూసి, టైలర్ దగ్గర పాత కొలతల పుస్తకం వెతికించి మరీ పంపారు. అప్పుడు 89 సెంటీమీటర్లు, ఇప్పుడు 78. ఆ రెండంకెలూ ఆ జిమ్ అబ్బాయికి చూపించారో లేదో ఇంకా రాయలేదు.